టేబుల్ ఫార్మాట్ సెట్టింగులు: వేగం పెరగాలి, పాత రీడర్లు ఆగకూడదు

పెద్ద డేటాని ఫైళ్లుగా, మార్పుల లాగ్‌తో సహా దాచే టేబుల్ ఫార్మాట్ డెల్టా లేక్. అలాంటి టేబుల్‌లో ఒక్క ప్రాపర్టీ (సెట్టింగ్) ఆన్ చేస్తారు. గంట పట్టే అప్‌డేట్ జాబ్ కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. మర్నాడు పొద్దున్నే ఇంకో సెక్షన్ నుంచి ఫోన్ వస్తుంది, రిపోర్ట్ ఓపెన్ కావట్లేదని. రెండూ ఒకే మార్పు వల్ల జరిగినవే. వేగం తెచ్చిన సెట్టింగే పాత సాఫ్ట్‌వేర్‌కి తలుపు మూసేసింది.

నా మాట ముందే చెప్పేస్తాను. ఫార్మాట్ సెట్టింగ్‌ని బెంచ్‌మార్క్ చూసి కాదు, ఆ టేబుల్‌ని ఎవరు చదువుతున్నారో చూసి ఎంచుకోవాలి. విశాఖ పోర్టులో ఔటర్ హార్బర్‌కి వచ్చే పెద్ద ఓడ ఇన్నర్ హార్బర్ ఛానెల్‌లోకి రాలేదు. ఓడ ఎంత మంచిదైనా అక్కడి లోతే లెక్క. టేబుల్ సంగతీ అంతే, మీ దగ్గరున్న అతి పాత రీడర్ (టేబుల్‌ని చదివే ప్రోగ్రామ్) ఎంతవరకు చదవగలదో అదే దాని లోతు.

మాట గాల్లో ఉండకుండా ఒక ఉదాహరణ పెట్టుకుందాం. విశాఖ నుంచి రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీ ఒకటి ఉందనుకోండి. కోల్డ్ స్టోరేజీలో, పోర్టుకి వెళ్లే రీఫర్ (శీతల) కంటైనర్లలో ఉష్ణోగ్రత మైనస్ 18 డిగ్రీలు దాటి పైకి రాకూడదు. సెన్సర్లు నిమిషానికోసారి రీడింగ్ పంపుతాయి, అవన్నీ క్లౌడ్‌లో ఒక డెల్టా టేబుల్‌లోకి చేరతాయి. ఏదైనా సెన్సర్ తప్పు చూపిందని తేలితే ఆ రీడింగులు తర్వాత దిద్దుతారు. అంటే కొత్త రికార్డులు చేరడమే కాదు, పాతవి మారుతూ కూడా ఉంటాయి. ఈ టేబుల్‌ని మూడు చోట్ల చదువుతారు: క్లౌడ్‌లో స్పార్క్ (పెద్ద డేటాని ప్రాసెస్ చేసే సాఫ్ట్‌వేర్) జాబ్, క్వాలిటీ వాళ్ల డాష్‌బోర్డ్, ఆటోనగర్ ఆఫీసులో రోజూ రాత్రి లోకల్ కాపీ తీసుకునే పాత సర్వర్.

ఆ పాత సర్వర్‌ని తీసేయమనడం తేలికే. కానీ 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చాక రోజుల తరబడి కరెంటు లేని విశాఖని చూసినవాళ్లు ఆఫీసులో ఒక కాపీ ఉండాలంటే నేను కాదనను. అలాంటి సర్వర్ ఉంటుందనే లెక్కతోనే ముందుకెళ్దాం.

మొదటి అడుగు: చదివేవాళ్ల జాబితా

ఒక షీట్ తెరిచి, టేబుల్‌ని తాకే ప్రతి ప్రోగ్రామ్ పేరు, దాని వెర్షన్, దానికి బాధ్యులెవరో రాయండి. చదువుతుందా, రాస్తుందా, రెండూ చేస్తుందా అన్నది విడిగా ఒక కాలమ్‌లో పెట్టండి. ఈ ఒక్క కాలమ్ మీదే తర్వాతి నిర్ణయాలన్నీ ఆధారపడతాయి.

అందరినీ అడిగితే సరిపోదు, స్టోరేజ్ యాక్సెస్ లాగ్స్ కూడా చూడండి. ఎవరూ చెప్పని రీడర్లు అక్కడే బయటపడతారు: ఎప్పుడో వెళ్లిపోయిన ఉద్యోగి షెడ్యూల్ చేసిన పైథాన్ స్క్రిప్ట్, నెలాఖరుకి ఒక్కసారే నడిచే అకౌంట్స్ జాబ్. అందుకే కనీసం ఒక నెలాఖరు కలిసేలా లాగ్స్ చూడాలి. త్రైమాసిక ఆడిట్ ఉంటే అది కూడా కలవాలి.

లాగ్స్‌లో ఇంకొకటి గమనించండి. డెల్టా లాగ్‌ని (ఏ ఫైళ్లు ఇప్పుడు చెల్లుతాయో రాసి ఉండే చిట్టా) పట్టించుకోకుండా ఫోల్డర్‌లోని పార్కే ఫైళ్లను (అసలు డేటా ఉండేది వీటిలోనే) నేరుగా చదివేవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే ముందు వాళ్లని మార్చండి. డెల్టా లాగ్ చూసే పాత రీడర్‌కి కొత్త ఫీచర్ అర్థం కాకపోతే ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది, కనీసం తెలుస్తుంది. ఫైళ్లను నేరుగా చదివేది ఆగదు. తొలగించిన రికార్డులు, పాత వెర్షన్ రికార్డులు అన్నీ కలిపి లెక్కేసి తప్పు అంకె చూపిస్తుంది. ఆగిపోయిన రిపోర్ట్ కంటే తప్పు చూపే రిపోర్ట్ చాలా ప్రమాదం.

రెండో అడుగు: టేబుల్ ఇప్పుడు ఎక్కడుందో చూడండి

'డిస్క్రైబ్ డీటెయిల్' కమాండ్ ఇస్తే కనీస రీడర్ వెర్షన్, కనీస రైటర్ వెర్షన్ (ఈ రెంటినీ కలిపి ప్రోటోకాల్ వెర్షన్ అంటారు), టేబుల్ ఫీచర్ల జాబితా కనిపిస్తాయి. వీటిని ఎలా చదవాలంటే:

రీడర్ 1, రైటర్ 2 అని ఉంటే దాదాపు ఏ డెల్టా సాఫ్ట్‌వేరైనా చదువుతుంది, రాస్తుంది. చెక్ కన్‌స్ట్రెయింట్ (విలువలకి షరతు) పెడితే రైటర్ 3 అవుతుంది. ఛేంజ్ డేటా ఫీడ్ (ఏ రికార్డులు మారాయో చూపేది), జెనరేటెడ్ కాలమ్స్ (వేరే కాలమ్స్ నుంచి లెక్కగట్టేవి) వాడితే రైటర్ 4. ఇక్కడిదాకా రీడర్ 1 గానే ఉంటుంది, కాబట్టి పాత రీడర్లకి ఇబ్బంది లేదు, పాత రైటర్లకే. కాలమ్ మ్యాపింగ్ (టేబుల్‌లోని కాలమ్ పేరుని ఫైల్‌లోని పేరు నుంచి విడదీసేది) ఆన్ చేస్తే రీడర్ 2, రైటర్ 5. ఐడెంటిటీ కాలమ్‌కి (తనంతట నంబర్లు వేసుకునేది) రైటర్ 6. డిలీషన్ వెక్టర్స్ (చెల్లని రికార్డులకి పెట్టే గుర్తులు, ఐదో అడుగులో చూద్దాం) ఆన్ చేస్తే రీడర్ 3, రైటర్ 7.

ఆ చివరి మెట్టు దగ్గర పద్ధతే మారిపోతుంది. డెల్టా లేక్ 2.3 నుంచి వచ్చిన టేబుల్ ఫీచర్స్ విధానంలో నంబర్ ఒక్కటి చూస్తే చాలదు. టేబుల్ మీద ఏయే ఫీచర్లు నమోదయ్యాయో, రీడర్‌కి అవన్నీ తెలుసో లేదో చూడాలి. రెండు టేబుల్స్‌కి రీడర్ 3 అనే ఉండొచ్చు. ఒకటి మీ డాష్‌బోర్డ్‌లో తెరుచుకుంటుంది, ఇంకోటి తెరుచుకోదు.

మీరేమీ మార్చకుండానే టేబుల్ పై వెర్షన్‌లో కనిపిస్తే కంగారు పడకండి. కొన్ని ప్లాట్‌ఫామ్‌లు కొత్తగా సృష్టించే టేబుల్స్‌కి కొన్ని ఫీచర్లను వాటంతట అవే ఆన్ చేస్తాయి. అందుకే టేబుల్ సృష్టించే స్క్రిప్ట్‌లోనే కావాల్సిన ప్రాపర్టీలు స్పష్టంగా రాయడం మంచిది. డిఫాల్ట్‌కి వదిలేస్తే ప్లాట్‌ఫామ్ అప్‌గ్రేడ్ అయిన రోజు మీ టేబుల్ కూడా మారిపోవచ్చు.

మూడో అడుగు: కంపాటబిలిటీని కదపని పనులు ముందు చేయండి

చాలామంది ఈ అడుగు దాటేసి నేరుగా కొత్త ఫీచర్ల మీద పడతారు. నాకు బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే నెమ్మదికి అసలు కారణం సాధారణంగా ఇక్కడే దొరుకుతుంది.

మన ఉదాహరణలో నిమిషానికోసారి డేటా రాస్తున్నారు. రోజుకి 1,440 నిమిషాలు. ప్రతిసారి ఒక్క ఫైలే పడినా 30 రోజులకి 43,200 చిన్న ఫైళ్లు. ఒక్కో ఫైల్ కొన్ని కిలోబైట్లే. క్వెరీ టైమంతా డేటా చదవడానికి కాదు, ఫైళ్లు తెరవడానికి, మూయడానికే పోతుంది. 'ఆప్టిమైజ్' కమాండ్ వీటిని పెద్ద ఫైళ్లుగా కలుపుతుంది, లక్ష్యం మామూలుగా 1 జీబీ దాకా. దీనికి ప్రోటోకాల్ వెర్షన్ మారదు, ఏ రీడరూ ఆగదు. ఐదు నిమిషాల ఆలస్యం పర్వాలేదంటే స్ట్రీమింగ్ ట్రిగ్గర్‌ని (ఎంతసేపటికోసారి రాయాలన్న సెట్టింగ్) ఐదు నిమిషాలకి మార్చండి. ఫైళ్లు అక్కడికక్కడే ఐదో వంతుకి తగ్గుతాయి.

తర్వాత కాలమ్స్ వరస. డెల్టా ప్రతి ఫైల్‌కి మొదటి 32 కాలమ్స్ కనిష్ఠ, గరిష్ఠ విలువల్ని లాగ్‌లో దాచుకుంటుంది. క్వెరీలో తేదీ అడిగితే, ఆ తేదీ లేని ఫైళ్లను తెరవకుండానే వదిలేస్తుంది. కంటైనర్ నంబర్, రీడింగ్ సమయం 40వ స్థానంలో ఎక్కడో ఉంటే ఈ లాభం పోయినట్టే. ఎక్కువగా వెతికే కాలమ్స్‌ని ముందుకి తీసుకురండి. దానితోపాటు కంటైనర్ నంబర్ మీద జెడ్-ఆర్డర్ చేస్తే (దగ్గర విలువలున్న రికార్డులు ఒకే ఫైళ్లలో చేరేలా సర్దితే), ఒక కంటైనర్ చరిత్ర అడిగినప్పుడు తెరవాల్సిన ఫైళ్లు బాగా తగ్గుతాయి.

కంప్రెషన్ కూడా ఈ కోవలోదే, ఒక షరతుతో. స్పార్క్ పార్కే ఫైళ్లకి మామూలుగా స్నాపీ అనే కోడెక్ (కుదింపు పద్ధతి) వాడుతుంది. జెడ్‌స్టాండర్డ్‌కి మారితే ఫైళ్లు చిన్నవవుతాయి. కోడెక్ పేరు పార్కే ఫైల్‌లోనే రాసి ఉంటుంది కాబట్టి ఒకే టేబుల్‌లో రెండు రకాల ఫైళ్లూ ఉండొచ్చు. మార్చాక కొత్త ఫైళ్లే కొత్త పద్ధతిలో వస్తాయి. నచ్చకపోతే వెనక్కి తిప్పుకోవచ్చు. షరతు ఏమిటంటే, నేటివ్ లైబ్రరీ లేని పాత హడూప్ సెటప్‌లో జెడ్‌స్టాండర్డ్ ఫైల్ తెరుచుకోదు. డెల్టా ప్రోటోకాల్ వెర్షన్ ఈ తేడాని పట్టుకోదు కూడా, ఎందుకంటే ఇది ఫైల్ స్థాయి సంగతి. అందుకే ఆ పాత సర్వర్‌లో ఒక్క జెడ్‌స్టాండర్డ్ ఫైల్ తెరిచి చూశాకే టేబుల్ మొత్తానికి పెట్టండి. ఎల్‌జెడ్4 జోలికి మాత్రం వెళ్లొద్దు. పార్కేలో పాత ఎల్‌జెడ్4ని ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కోలా రాసేది, ఆ గొడవ వల్లే స్పెసిఫికేషన్‌లో దాన్ని పక్కన పెట్టి ఎల్‌జెడ్4 రా అని వేరే కోడెక్ తెచ్చారు.

పార్కే డేటా పేజీ (ఫైల్ లోపలి చిన్న ముక్క) వెర్షన్ 2 గురించి కూడా అడుగుతుంటారు. దాన్ని అన్ని రీడర్లూ ఒకేలా చదవవు, అందుకే వెర్షన్ 1 దగ్గరే ఉండమంటాను. పైథాన్‌లో పార్కే ఫైళ్లు చదివి, రాసే పైఆరో లైబ్రరీ డిఫాల్ట్ కూడా పేజీ వెర్షన్ 1 మీదే ఉంది.

నాలుగో అడుగు: కొలవండి

పై పనులయ్యాక మీ టీమ్ రోజూ నడిపే ఒక అరడజను క్వెరీలు, ఒక అప్‌డేట్ జాబ్ తీసుకోండి. స్పార్క్ యూఐలో ఎన్ని ఫైళ్లు చదివింది, ఎన్ని బైట్లు చదివింది, ఎంతసేపు పట్టింది రాసుకోండి. క్యాష్ ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, నిండాక ఒకసారి. సగటు కన్నా చెత్త సందర్భం ఎంతుందో ముఖ్యం, ఎందుకంటే జనం ఫోన్ చేసేది అప్పుడే.

ఇప్పుడు అప్‌డేట్ టైమ్ మీకు సరిపోతే ఇక్కడే ఆగిపోండి. కొత్త ఫీచర్ అక్కర్లేదు.

ఐదో అడుగు: డిలీషన్ వెక్టర్స్ నిజంగా కావాలా?

సరిపోలేదనుకుందాం. 1 జీబీ ఫైల్‌లో ఒక సెన్సర్ 200 రీడింగులు దిద్దాలి. పాత పద్ధతిలో డెల్టా ఆ 1 జీబీ ఫైల్ మొత్తాన్ని చదివి, 200 రికార్డులు మార్చి, మళ్లీ మొత్తం రాస్తుంది. ఆ రికార్డులు పది ఫైళ్లలో చెదిరి ఉంటే 10 జీబీ మళ్లీ రాయాలి. డిలీషన్ వెక్టర్స్ ఉంటే పాత ఫైల్ జోలికి వెళ్లదు. ఈ 200 రికార్డులు చెల్లవు అని ఒక చిన్న బిట్‌మ్యాప్‌లో గుర్తు పెట్టి, దిద్దిన 200 రికార్డులను కొత్త చిన్న ఫైల్‌లో రాస్తుంది. రాయడం తేలికైంది. ఆ భారం చదివేవాళ్ల మీదికి మారింది. ప్రతిసారి ఫైల్‌తోపాటు బిట్‌మ్యాప్ చూసి చెల్లనివి వదిలేయాలి. ఇది తెలియని రీడర్‌కి టేబుల్ తెరిచే అర్హతే ఉండదు.

కాబట్టి నా కొలమానం ఇది. రికార్డులు చేరడమే తప్ప మారని టేబుల్‌కి దీనివల్ల ఒరిగేదేమీ లేదు. నెలకోసారి రాత్రిపూట దిద్దుబాటు జరిగే టేబుల్‌కి కూడా అక్కర్లేదు, గంట ఎక్కువ పడితే ఎవరికీ నష్టం లేదు. పగలంతా చెదురుమదురుగా అప్‌డేట్లు పడుతూ, రాసే జాబులు ఒకదాని వెనక ఒకటి ఆలస్యమవుతుంటే అప్పుడు ఆన్ చేయండి. చేస్తే 'ఆప్టిమైజ్' షెడ్యూల్ తప్పనిసరి, లేకపోతే బిట్‌మ్యాప్‌లు పేరుకుని చదవడం నెమ్మదిస్తుంది. ఇంకో సంగతి: చెల్లదని గుర్తు పెట్టిన రికార్డు ఫైల్‌లో భౌతికంగా అలాగే ఉంటుంది. ఎవరి వ్యక్తిగత వివరాలో పూర్తిగా చెరిపేయాల్సి వస్తే 'రీఆర్గ్ టేబుల్' కమాండ్‌ని పర్జ్‌తో నడిపి, గడువు తీరాక 'వాక్యూమ్' (వాడుకలో లేని పాత ఫైళ్లను తుడిచేసే కమాండ్) కూడా చేయాలి. ఆ గడువు డిఫాల్ట్‌గా 7 రోజులు.

కాలమ్ మ్యాపింగ్ విషయంలో నేను ఇంకా జాగ్రత్తగా ఉంటాను. కాలమ్ పేరు మార్చడానికి, తీసేయడానికి డేటా మళ్లీ రాయక్కర్లేదన్నది దాని లాభం. పేరు అందంగా లేదన్న కారణానికి రీడర్ వెర్షన్ పెంచడం దండగ. పైన ఒక వ్యూ (డేటా కాపీ లేకుండా క్వెరీతో చూపే టేబుల్) పెట్టి, అందులో పేరు మార్చుకోండి. ఒక్క రీడర్ కూడా ఆగదు.

పాత సర్వర్‌ని అప్‌గ్రేడ్ చేయలేకపోతే మధ్యేమార్గం ఉంది. అసలు టేబుల్‌కి డిలీషన్ వెక్టర్స్ ఆన్ చేసి, దాన్నుంచి రోజూ రాత్రి రీడర్ 1, రైటర్ 2 తో ఇంకో టేబుల్ తయారుచేయండి. పాత సర్వర్ దాన్నే చదువుతుంది. స్టోరేజ్ ఖర్చు పెరుగుతుంది, డేటా ఒక రోజు వెనకబడుతుంది. లోకల్ కాపీకి ఆ ఆలస్యం పర్వాలేదు కాబట్టి మన ఉదాహరణకి ఇదే సరైన దారి అంటాను.

ఆరో అడుగు: తేదీ, సమయం

పనితీరు గురించి మొదలైన మార్పు ఇక్కడ లెక్కల తప్పుగా మారుతుంది. అందుకే కాస్త నిదానంగా చూద్దాం.

స్పార్క్ చాలాకాలంగా టైమ్‌స్టాంప్‌ని పార్కేలో ఇంట్96 అనే పాత రకంగా రాస్తోంది. పాత హైవ్, ఇంపాలా క్వెరీ సాఫ్ట్‌వేర్లతో పొత్తు కుదరడానికి వచ్చిన అలవాటు అది. దాని ఇబ్బంది ఏమిటంటే, ఫైల్ లోపల సమయం మీద ఫిల్టర్ పెట్టి అనవసరమైన భాగాలు వదిలేయడం స్పార్క్‌కి కుదరదు. స్పార్క్ సెట్టింగ్‌లో అవుట్‌పుట్ టైమ్‌స్టాంప్ టైప్‌ని మైక్రోసెకన్ల రకానికి మారిస్తే ఆ లాభం వస్తుంది. కొత్త స్పార్క్ రెండింటినీ చదువుతుంది. కానీ ఇంట్96 తప్ప వేరేది తెలియని రీడర్ జాబితాలో ఉంటే ఆగండి.

ఇంట్96లో ఇంకో చిక్కు టైమ్‌జోన్. కొన్ని సాఫ్ట్‌వేర్లు స్థానిక సమయాన్ని యథాతథంగా రాస్తాయి, కొన్ని యూటీసీకి (ప్రపంచ ప్రామాణిక సమయం) మార్చి రాస్తాయి. రాసినవాడు ఒకలా, చదివినవాడు ఇంకోలా అనుకుంటే మనకి సరిగ్గా ఐదున్నర గంటల తేడా వస్తుంది. రాత్రి 9 గంటలకి కోల్డ్ స్టోరేజీ తలుపు తెరిచి ఉంచినందువల్ల ఉష్ణోగ్రత మైనస్ 14కి చేరిందనుకోండి. తేడా పడితే రిపోర్ట్‌లో అది మర్నాడు తెల్లవారుజామున 2:30కి కనిపిస్తుంది. తేదీ మారింది, షిఫ్ట్ మారింది, బాధ్యత వేరే మనిషి మీద పడింది. అందుకే తేదీ తెలిసిన ఒక రికార్డుని ఎంచుకుని, జాబితాలోని ప్రతి రీడర్‌లో దాన్నే తెరిచి సమయం పోల్చండి. అర్ధరాత్రికి దగ్గరగా ఉన్న రికార్డయితే తప్పు దాక్కోలేదు.

పాత తేదీల గొడవ వేరే. 2020లో వచ్చిన స్పార్క్ 3.0 క్యాలెండర్ విధానం మార్చింది. 1582 అక్టోబర్ 15కి ముందు తేదీలు, 1900 జనవరి 1కి ముందు టైమ్‌స్టాంప్‌లు పాత, కొత్త స్పార్క్‌ల మధ్య తేడాగా రావచ్చు. మనకి అంత పాత డేటా ఎక్కడుంది అనిపిస్తుంది. ఉంటుంది. తేదీ తెలియనప్పుడు ఖాళీ వదలకుండా 0001-01-01 అని నింపే అలవాటు చాలా సిస్టమ్స్‌లో ఉంది. పాత స్పార్క్ రాసిన ఆ తేదీని సరిచేయకుండా చదివితే రెండు రోజులు వెనక్కి జరుగుతుంది. ఇలాంటి తేదీ తగిలితే స్పార్క్ 3 ఎర్రర్ ఇచ్చి ఆగి, లెగసీ (పాత క్యాలెండర్), కరెక్టెడ్ (కొత్త క్యాలెండర్) అనే రెండు మోడ్‌లలో ఒకటి ఎంచుకోమంటుంది. పాత స్పార్క్ కూడా చదివే టేబుల్ అయితే రాసేటప్పుడు లెగసీ, అందరూ కొత్తవాళ్లే అయితే కరెక్టెడ్. అన్నిటికన్నా మంచిది ఆ డమ్మీ తేదీల స్థానంలో నల్ (ఖాళీ విలువ) పెట్టేయడం.

ఏడో అడుగు: నకలు మీద పరీక్ష

అసలు టేబుల్ మీద ప్రయోగాలు వద్దు. డెల్టా 2.3 నుంచి షాలో క్లోన్ ఉంది. డేటా కాపీ చేయకుండా మెటాడేటా మాత్రమే వేరుగా తీసుకుంటుంది. క్లోన్ మీద ఫీచర్ ఆన్ చేసి, కొన్ని అప్‌డేట్లు నడపండి. ఈ అప్‌డేట్లు ముఖ్యం, కనీసం ఒక్క డిలీషన్ వెక్టర్ అయినా పుట్టకపోతే పరీక్ష పూర్తయినట్టు కాదు. తర్వాత జాబితాలోని ప్రతి రీడర్‌తో క్లోన్ చదివించి, మొత్తం రికార్డుల సంఖ్య, ఒక రోజు సగటు ఉష్ణోగ్రత అసలు లెక్కతో సరిపోతున్నాయో చూడండి. తెరుచుకుంది కదా అని వదిలేయకండి. ఈ పరీక్ష నడిచేటంతసేపు అసలు టేబుల్ మీద 'వాక్యూమ్' ఆపండి, క్లోన్ ఆధారపడిన ఫైళ్లే పోవచ్చు.

ఎనిమిదో అడుగు: మార్పు, వెనక్కి దారి

షిప్‌మెంట్ హడావిడి లేని రోజు, అందరూ డ్యూటీలో ఉన్న సమయం ఎంచుకోండి. మార్పుకి ముందు 'డిస్క్రైబ్ డీటెయిల్' ఫలితాన్ని దాచుకోండి. మెయింటెనెన్స్ జాబులన్నీ అందరికన్నా కొత్త వెర్షన్ ఉన్న ఇంజన్ నుంచే నడపండి.

వెనక్కి రావాల్సి వస్తే ఒక అపోహ వదులుకోవాలి. ప్రాపర్టీని ఫాల్స్ చేసినంత మాత్రాన ప్రోటోకాల్ దిగదు. కొత్త డిలీషన్ వెక్టర్స్ రావడం ఆగుతుంది, అంతే. టేబుల్ ఇంకా రీడర్ 3 లోనే ఉంటుంది. డెల్టా 3 వెర్షన్లలో 'ఆల్టర్ టేబుల్'తో 'డ్రాప్ ఫీచర్' ఇవ్వాలి. పాత చరిత్రలో ఆ ఫీచర్ జాడలు ఉన్నాయని మొదటిసారి ఆగిపోవడం మామూలే. డిఫాల్ట్‌గా 24 గంటలు ఆగి, 'ట్రంకేట్ హిస్టరీ'తో మళ్లీ ఇవ్వాలి. అప్పుడు ఆ పాత వెర్షన్లకి టైమ్ ట్రావెల్ (వెనక్కి వెళ్లి చూసే వీలు) పోతుంది. డెల్టా 4.0లో చరిత్ర కొట్టేయకుండా ఫీచర్ తీసే మార్గం వచ్చింది. ఏదెలా ఉన్నా, పాత సర్వర్ ఒక రోజంతా ఆగిపోతుందన్న అంచనాతోనే ప్లాన్ చేసుకోండి. ఆడిట్ కోసం పాత వెర్షన్లు కావాల్సిన టేబుల్ అయితే, ఫీచర్ ఆన్ చేసేముందే విడిగా పూర్తి కాపీ తీసి పెట్టండి.

ఐస్‌బర్గ్ వాడేవాళ్లకి

ఐస్‌బర్గ్ కూడా డెల్టా లాంటి టేబుల్ ఫార్మాటే. అడుగులు ఇవే, పేర్లు వేరు. అక్కడ ఫార్మాట్ వెర్షన్ 1, 2, 3 ఉంటాయి. వెర్షన్ 2లో రికార్డు స్థాయి డిలీట్ ఫైళ్లు వచ్చాయి, వెర్షన్ 3లో డిలీషన్ వెక్టర్స్ వచ్చాయి. ఐస్‌బర్గ్ 1.4 నుంచి కొత్త టేబుల్స్ డిఫాల్ట్‌గా వెర్షన్ 2. పైకి ఎక్కడానికి ఒక ప్రాపర్టీ చాలు, కిందికి దిగే కమాండ్ లేదు. కావాలంటే కొత్త టేబుల్‌గా రాసుకోవాల్సిందే.

అయితే ఐస్‌బర్గ్‌లో ఒక మంచి వెసులుబాటు ఉంది. వెర్షన్ 2లో ఉన్నంత మాత్రాన డిలీట్ ఫైళ్లు పుట్టవు. డిలీట్, అప్‌డేట్, మెర్జ్ మూడింటికీ విడివిడిగా కాపీ-ఆన్-రైట్ (ఫైల్ మొత్తం తిరగరాయడం), మెర్జ్-ఆన్-రీడ్ (మార్పులు విడిగా రాసి, చదివేటప్పుడు కలపడం) అని మోడ్ ఎంచుకోవచ్చు, డిఫాల్ట్ కాపీ-ఆన్-రైట్. వెర్షన్ 2 టేబుల్‌ని తెరవగలిగినా డిలీట్ ఫైళ్లతో తడబడే రీడర్ ఉంటే అలాగే ఉంచండి. ఆ రీడర్ మారాక అప్‌డేట్‌కి మాత్రమే మెర్జ్-ఆన్-రీడ్ పెట్టి చూడండి. మళ్లీ వెనక్కి రావాలంటే మోడ్ తిప్పి, డేటా ఫైళ్లను తిరగరాసే ప్రొసీజర్ ఒకసారి నడపండి. దానికి డిలీట్ ఫైల్ ఒక్కటున్నా ఆ డేటా ఫైల్‌ని తిరగరాయమని ఆప్షన్ ఇవ్వడం మర్చిపోవద్దు.